గోడలు తరలిపోయాయి, అగడ్త ఉండిపోయింది

(పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా శ్రీనగర్ కాలనీలో చేసిన ప్రసంగ పాఠం)



చరిత్ర గురించి మాట్లాడమన్నారు. తారీఖులు ఎక్కువ చెబితే భోజనాల వేళకు ముందే సభ ఖాళీ అవుతుందని నాకు తెలుసు. అందుకని ఇవాళ ఒక గొయ్యి గురించి మాట్లాడతాను. కోటల చుట్టూ, పెద్ద ఇళ్ళ చుట్టూ తవ్వే గొయ్యి. మన భాషలో దానికి అగడ్త అని చక్కటి పేరుంది. "అగడ్తలో పడ్డ పిల్లికి అదే వైకుంఠం" అన్న సామెత మన ఇళ్ళల్లో ఇప్పటికీ వినబడుతుంది. సామెత మిగిలింది. అగడ్తలు ఎన్ని మిగిలాయన్నది ఇవాళ్టి ప్రశ్న.

ముందు మన ఇరుగుపొరుగు నుంచే మొదలుపెడదాం. ఇక్కడి నుంచి పంజాగుట్ట కూడలి దాటి ఖైరతాబాద్ వైపు వెళితే ఎర్రమంజిల్ వస్తుంది. మెట్రో స్టేషను పేరుగా అందరికీ తెలుసు. అసలు పేరు ఇర్రం మంజిల్. 1870 ప్రాంతంలో నవాబు ఫఖ్రుల్ ముల్క్ గుట్ట మీద కట్టించుకున్న భవంతి అది. పారశీకంలో ఇరం అంటే స్వర్గవనం. జనం నోట అది ఎర్ర అయింది. 2019లో ఆ భవంతిని కూల్చి కొత్త శాసనసభ కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. కొందరు పౌరులు హైకోర్టుకు వెళ్ళారు. ఆ ఏడాది సెప్టెంబరులో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. భవంతి నిలిచింది.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ భవంతికి గోడలున్నాయి, మెట్లున్నాయి, తోరణాలున్నాయి. ఫొటో తీస్తే పత్రికలో వేసుకోవచ్చు. కనుక దాని తరఫున వాదించడానికి మనుషులు ముందుకొచ్చారు. అదే గొయ్యి అయితే? గొయ్యిని ఎవరు ఫొటో తీస్తారు? గొయ్యి తరఫున కోర్టుకు ఎవరు వెళతారు? పాత కట్టడాల్లో మొట్టమొదట మాయమయ్యేది అగడ్తే. దాన్ని కూల్చనక్కరలేదు, పూడిస్తే చాలు. పూడ్చడం చాలామందికి నష్టంగా కూడా కనబడదు, చదును చేసినట్టు కనబడుతుంది.

కాసేపు మాటల సంగతి చూద్దాం. తెలుగు మాస్టార్లు ఇక్కడే ఉన్నారు కనుక జాగ్రత్తగా చెబుతాను. సంస్కృతంలో దీన్ని పరిఖ అంటారు. తెలుగులో అగడ్త. తమిళులు అగళి అంటారు. వాళ్ళకు అగళ్ అంటే తవ్వు అని అర్థం. అగడ్త, అగళి ఒక్క కుదురు మాటలు. ఇక కందకం అన్న మాట అరబ్బీ ఖందక్ నుంచి వచ్చింది. ఆ మాట అరబ్బీలోకి పాత పారశీకం నుంచి వెళ్ళింది. అక్కడా దాని అర్థం తవ్వినది అనే. దక్షిణాదివాడైనా, ఇరాన్‌వాడైనా దాన్ని చూసి అన్నమాట ఒకటే, తవ్వారు అని.

ఇంగ్లీషువాళ్ళ మాట మరీ విచిత్రం. వాళ్ళు దీన్ని మోట్ అంటారు. ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న ఆ మాటకు మొదటి అర్థం గొయ్యి కానే కాదు, దిబ్బ. తవ్విన మట్టిని పక్కనే పోస్తే దిబ్బ అవుతుంది. దిబ్బ పేరు చివరికి గొయ్యికి అంటుకుంది. నవ్వొచ్చినా అందులో పెద్ద సత్యం ఉంది. గోడా గొయ్యీ కవలపిల్లలు. ఒకదాన్ని తీసేస్తే రెండోది సగమే అర్థమవుతుంది.

ఇంగ్లండులో ఇలా చుట్టూ నీటి అగడ్త ఉన్న పాత ఇళ్ళ స్థలాలు సుమారు 6,000 గుర్తించారు. ఎక్కువ భాగం 1250కీ 1350కీ మధ్య తవ్వినవి. అవన్నీ రాజుల కోటలు కావు. చాలామటుకు ఊరి భూస్వామి ఇల్లు, మన తెలంగాణలో గడీ అన్నామే, అలాంటిది. శత్రుసైన్యాన్ని ఆపడానికి ఆ గొయ్యి పెద్దగా పనికిరాదు. దొంగను ఆపుతుంది, చేపలు పెంచుకోవడానికి పనికొస్తుంది, అన్నిటికన్నా ముఖ్యంగా "ఈ ఇంటివాడు సామాన్యుడు కాడు" అని ఊరికి చెబుతుంది. కెంట్ ప్రాంతంలోని ఇథమ్ మోట్ వంటి కొన్ని ఇళ్ళు ఇంకా నీటి నడుమ నిలబడి ఉన్నాయి. మిగిలిన చాలాచోట్ల ఇల్లు ఏనాడో పోయింది. పచ్చిక బయలులో నలుచదరపు పల్లం మాత్రం ఉంది. ఆ పల్లాన్ని చట్టం కింద కాపాడుతున్న చోట్లు ఎన్నో ఉన్నాయి. వాళ్ళకు అక్కడ మిగిలిందే అది.

మనకు ఇలాంటిది ఉందా? ఉంది. ఒక రాజకుటుంబం నివాసం, దాని చుట్టూ గోడ, గోడ బయట అగడ్త, దాన్ని పద్ధతిగా తవ్వి కొలిచిన పురావస్తు శాఖ, అన్నీ ఉన్నాయి. కాకపోతే మీరు వెళ్ళి చూడలేరు. అది నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఉంది.

క్రీస్తుశకం మూడో శతాబ్దం, నాలుగో శతాబ్దం మొదలు. శాతవాహనుల తరువాత కృష్ణా లోయలో ఇక్ష్వాకులు సుమారు నూరేళ్ళు ఏలారు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, ఆయన కొడుకు వీరపురుషదత్తుడు, మనవడు ఎహువుల చాంతమూలుడు. వాళ్ళ రాజధాని విజయపురి. మూడువైపులా నల్లమల కొండలు, నాలుగోవైపు కృష్ణ. ఆ లోయలో నది కుడిగట్టున, పెద్దకుందేలగుట్టను ఆనుకుని రాజుల కోట ఉండేది. పొడవు సుమారు 3,000 అడుగులు, వెడల్పు సుమారు 2,000 అడుగులు. మన కాలనీవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే పొద్దుటి నడకకు వెళ్ళేవాళ్ళు ఒక చుట్టు తిరిగితే మూడు కిలోమీటర్లు పూర్తవుతుంది.

ఆ కోటకు మొదట మట్టితో, మొరంతో పోసిన గోడ ఉండేది. తరువాత దాని మీద కాల్చిన ఇటుకతో కట్టారు. పెద్ద ద్వారాలు రెండు, ఒక చిన్న దిడ్డి. లోపల ఇళ్ళు, సైనికులు ఉండే వరుస గదులు, స్నానపు తొట్లు, మురుగు ఇంకే గుంటలు. చాంతమూలుడు అశ్వమేధం చేశాడని శాసనాలు చెబుతాయి. ఆ యాగానికి సంబంధించినదిగా పండితులు గుర్తించిన మెట్ల కోనేరు కూడా కోట లోపలే బయటపడింది. గోడ బయట అగడ్త. దాని వెడల్పు చోటును బట్టి సుమారు 70 నుంచి 130 అడుగులు, లోతు సుమారు 12 అడుగులు.

ఇక్కడ లెక్కల మాస్టారి అనుమతితో చిన్న లెక్క వేద్దాం. వెడల్పు సగటున 100 అడుగులు, లోతు 12 అడుగులు. గట్లు ఏటవాలుగా ఉంటాయి కనుక కొంత తగ్గించుకున్నా, అగడ్త ఒక్క అడుగు పొడవు సాగాలంటే వెయ్యి ఘనపుటడుగుల మట్టి తీయాలి. ఎద్దుబండికి 25 ఘనపుటడుగులు అనుకుంటే 40 బళ్ళు. గుట్ట ఉన్న వైపు వదిలేసి అగడ్త మొత్తం పొడవు 7,000 అడుగులనుకుందాం. 2,80,000 బళ్ళ మట్టి. యంత్రాలు లేవు. పార, గడ్డపార, తట్ట. తవ్వినవాడు, ఎత్తినవాడు, మోసినవాడు.

విజయపురి శాసనాల్లో పేర్లకు కొదవ లేదు. మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించిన చాంతిసిరి పేరుంది. ఆమె రాజుగారి మేనత్త. సింహళ విహారం దగ్గర చైత్యగృహం కట్టించిన బోధిసిరి అనే ఉపాసిక పేరుంది. రాణుల పేర్లున్నాయి, భిక్షువుల పేర్లున్నాయి. ఆ రెండు లక్షల ఎనభై వేల బళ్ళు నింపినవాళ్ళలో ఒక్కరి పేరు కూడా లేదు. వాళ్ళు వదిలివెళ్ళిన శాసనం ఆ గొయ్యే. ఎంతమంది కూలీలను ఎన్నాళ్ళు పోషించగల శక్తి ఆ రాజ్యానికి ఉండేదో చెప్పాలంటే స్తంభం మీది అక్షరాల కన్నా అగడ్త కొలతలే మంచి సాక్ష్యం.

ఇది యాదృచ్ఛికంగా తవ్విన గొయ్యి కాదు. దానికొక శాస్త్రం ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం కోట చుట్టూ మూడు పరిఖలు తవ్వమంటుంది. వెడల్పులు పద్నాలుగు, పన్నెండు, పది దండాలు. పైన వెడల్పు ఎంత, అడుగున ఎంత, లోతు ఎంత అన్నీ చెబుతుంది. తవ్విన మట్టితోనే గోడ కింద దిబ్బ పోసి, ఏనుగుల చేత, ఎద్దుల చేత తొక్కించమంటుంది. నీళ్ళలో తామరలు, మొసళ్ళు రెండూ ఉండాలంటుంది. అందమూ భయమూ ఒకేచోట పెట్టమన్నాడన్నమాట. ఏ రాజూ అక్షరాలా పాటించి ఉండకపోవచ్చు. కానీ తీసిన మట్టి వృథా కాకూడదు, గొయ్యి లోతయ్యేకొద్దీ గోడ ఎత్తవ్వాలి అన్న సూత్రం మాత్రం దేశమంతటా కనబడుతుంది.

మన వరంగల్లే చూడండి. గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయిన రాతికోట, దాని బయట మట్టికోట, రెంటికీ అగడ్తలు. 1310లో మాలిక్ కాఫుర్ సైన్యం మట్టికోట ముందు ఆగింది. ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో ఆ ముట్టడి గురించి రాస్తూ ఉక్కు ఈటెలు కూడా దిగనంత గట్టిదని ఆ మట్టిగోడను మెచ్చుకున్నాడు. చివరికి గోడను కొట్టడానికి ముందు వాళ్ళు చేసిన పని అగడ్తను ఒకచోట మట్టితో పూడ్చడం. అగడ్త పూడిన చోటే గోడ ఓడింది.

మనకు ఇంకా దగ్గర గోల్కొండ. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించాడు. కందకం నింపడానికి సంచుల్లో మట్టి పోసి వేయాలని నిర్ణయించినప్పుడు మొదటి సంచిని బాదుషా తన చేతులతో కుట్టాడని మొగలుల చరిత్రకారులు రాశారు. అంత చేసినా అలా కోట లొంగలేదు, లోపలివాళ్ళు తలుపు తీస్తే లొంగింది. బాదుషా ఎనిమిది నెలల్లో నింపలేకపోయిన కందకంలో ఇవాళ అక్కడక్కడ ఇళ్ళు కూల్చిన శిథిలాలు, చెత్త సంచులు కనబడతాయి. సంచులు కుట్టడంలో మనం బాదుషాను మించిపోయాం.

ఇంతకీ పూడిపోయిన అగడ్తలో ఏముంటుంది? పురావస్తు శాస్త్రజ్ఞులు దానికి అడ్డంగా, గోడనూ అగడ్తనూ కలిపి కోస్తూ ఒక కందకం తవ్వుతారు. కేకును కోస్తే పొరలు కనబడినట్టు పక్కగోడ మీద పొరలు కనబడతాయి. అన్నిటికన్నా అడుగున సన్నటి ఒండ్రు ఉంటే నీళ్ళు నిలకడగా ఉన్న కాలం అది. దాని మీద కుండపెంకులు, బొగ్గు, ఎముకలు ఉంటే జనం చెత్త వేయడం మొదలైంది, కాపలా సడలింది. పైన ఇటుకలు గుట్టగా ఉంటే గోడ కూలింది. ఏ పొరలో ఏ నాణెం దొరికిందో దాన్నిబట్టి కాలం చెబుతారు. గోడ కట్టిన రోజు సంగతే చెబుతుంది. అగడ్త ఆ తరువాతి కాలమంతా రాసుకున్న దినచర్య.

ఒక్కోసారి ఆ దినచర్యలో ఎవరూ ఊహించని సంగతి ఉంటుంది. కృష్ణకు దిగువన అమరావతి పక్కన ధరణికోట ఉంది. 1962 నుంచి 1965 వరకు అక్కడ తవ్వినప్పుడు గోడ దగ్గర పూడిపోయిన ఒక పల్లం తగిలింది. దాని అంచున మొదట కొయ్య గుంజలతో, తరువాత ఇటుకలతో కట్టిన రేవు బయటపడింది. నదికి కలిపిన పడవల కాలువ అది. పడవలు వచ్చి సరుకు దించుకున్న చోటు. కాలం గడిచి కాలువ పూడింది, దాని మీద మట్టికట్ట వచ్చింది. పైన చూస్తే ఉత్త దిబ్బ. ఆ పల్లాన్ని పల్లమే కదా అని వదిలేసి ఉంటే శాతవాహనుల కాలపు రేవు ఒకటి మనకు తెలిసేదే కాదు.

మళ్ళీ విజయపురికి వద్దాం. 1955 డిసెంబరు 10న పండిట్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఆనకట్ట పూర్తయితే లోయ మొత్తం మునుగుతుంది. అందుకని 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో కేంద్ర పురావస్తు శాఖ లోయను తవ్వింది. మన దేశంలో అంత విశాలంగా, అంత హడావుడిగా జరిగిన తవ్వకాలు తక్కువ. రాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగాల దాకా నూరుకు పైగా స్థలాలు బయటపడ్డాయి. లోయలోని పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెల జనం, తండాల జనం ఊళ్ళు వదిలి వెళ్ళవలసి వచ్చింది. ఒకే నీళ్ళు పాత రాజధానినీ కొత్త పల్లెలనూ కలిపి ముంచాయి. ఈ సంగతి మ్యూజియంకు వెళ్ళినవాళ్ళు తరచు మరచిపోతారు.

తరువాత పెద్ద ప్రశ్న వచ్చింది. వీటిలో ఏది కాపాడాలి? ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను ఇటుక ఇటుకా, రాయి రాయీ గుర్తులు వేసి విప్పి, కొండ మీదికి మోసి తిరిగి కట్టారు. మరో పద్నాలుగింటికి నమూనాలు చేశారు. ఆ కొండే ఇవాళ్టి ద్వీపం. మహాచైత్యం, సింహళ విహారం, నది ఒడ్డున ఉండిన స్నానఘట్టం, ఒక బృహచ్ఛిలా సమాధి ఇప్పుడు అక్కడ చూడవచ్చు. నాలుగువైపులా మెట్లున్న ప్రేక్షకశాలను నది ఒడ్డున అనుపు దగ్గర తిరిగి కట్టారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. మీలో చాలామంది బడి విహారయాత్రలో లాంచీ ఎక్కి ఆ ద్వీపానికి వెళ్ళే ఉంటారు.

ఇప్పుడు నేను చెప్పదలచిన మాటకు వచ్చాను. ఇటుకలు విప్పవచ్చు, స్తంభాలు ఎత్తవచ్చు, స్తూపాన్ని తరలించవచ్చు. అగడ్తను తరలించలేం. గొయ్యిని గుర్తులు వేసి విప్పే విద్య ఎవరి దగ్గరా లేదు. నూరడుగుల వెడల్పు ఖాళీని కొండ మీదికి ఏ బండి మోస్తుంది? దాదాపు 1,700 ఏళ్ళ కిందట 2,80,000 బళ్ళ మట్టి తీసి తవ్వినది అక్కడే ఉండిపోయింది. పదహారు శతాబ్దాలు ఎండి ఉన్న అగడ్తకు చివరికి నీళ్ళొచ్చాయి, అదీ గోడ మీదుగా, కోట మీదుగా, అన్నిటి మీదుగా.

ఆనకట్ట కట్టకుండా ఉండవలసింది అని నేననను. ఈ నగరంలో ఉంటూ అలా అనడం కృతఘ్నత. ఎడమ కాలువ, కుడి కాలువ కింద లక్షల ఎకరాలు పండుతున్నాయి. ఈ శతాబ్ది మొదటి దశకం నుంచి హైదరాబాదుకు వస్తున్న కృష్ణా తాగునీరు నాగార్జునసాగర్ జలాశయం నీరే. విజయపురి కోట మీద నిలిచిన నీళ్ళే పైపుల్లో ప్రయాణించి మన నగరం కుళాయిల్లోకి వస్తున్నాయి. ఈ సభలో ఇందాక మనం తాగిన మంచినీళ్ళలో ఇక్ష్వాకుల అగడ్త మీది చుక్క ఒకటైనా ఉండే ఉంటుంది. నష్టం జరగలేదనడం అబద్ధం, లాభం లేదనడమూ అబద్ధమే. రెండూ ఒప్పుకుని, అలాంటి వేళ చేయగలిగింది ఏమిటని అడగడం పెద్దవాళ్ళ పని.

ఆ తవ్వకాలవాళ్ళు చేయగలిగింది చేశారు. తరలించలేనిదాన్ని కొలిచారు. అడ్డంగా కోసి పొరలు గీశారు, ఫొటోలు తీశారు, నివేదికలు అచ్చువేశారు. ఇవాళ నేను మీ ముందు 70 అడుగులు, 130 అడుగులు, 12 అడుగులు అంటున్నానంటే ఆ ఎండలో టేపు పట్టుకుని నిలబడిన మనుషుల చలవ. అగడ్త మునిగింది, కొలత మునగలేదు. మోసుకుపోలేని వస్తువుకు కొలతే మోక్షం.

అయితే ఆ కొలత తీసే అవకాశమైనా మనకెలా దొరికింది? ఇక్కడున్న గురువులు ఈ మాట వినాలి. 1926లో ఆ లోయలో ఒక స్తంభాన్ని చూసి, ఇది మామూలు రాయి కాదని అనుకుని, మద్రాసు ప్రభుత్వానికి కబురు పంపినది సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు. ఆ కబురు మీద శాసన పరిశోధన శాఖలో తెలుగు సహాయకుడుగా ఉన్న రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. మరుసటి ఏడాది నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు మొదలుపెట్టారు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ కొనసాగించారు. అలా ఆ లోయ విలువ దేశానికంతకూ తెలిసింది. కనుకనే 1955లో శంకుస్థాపన నాటికి, ముంచేముందు తవ్వాలన్న ఆలోచన ఎవరికీ కొత్తగా తోచవలసిన అవసరం రాలేదు.

పంతులుగారి కబురుకూ శంకుస్థాపనకూ మధ్య 29 ఏళ్ళు. ఆ కబురు ఒక ముప్పై నలభై ఏళ్ళు ఆలస్యమై ఉంటే ఆనకట్ట ముందు వచ్చేది, తవ్వకం తరువాత వచ్చేది. అంటే ఎన్నటికీ వచ్చేది కాదు. చాంతిసిరి పేరు, బోధిసిరి పేరు, కోట, అశ్వమేధపు కోనేరు, అగడ్త అన్నీ ఎవరికీ తెలియకుండానే నీళ్ళలోకి వెళ్ళిపోయేవి. ఆయన పురావస్తు పండితుడు కాడు. పిల్లలకు చదువు చెప్పుకునే మనిషి. చూశాడు, ఊరుకోలేదు, సంబంధించినవాళ్ళకు తెలియజేశాడు. ఒక రాజధాని మనకు దక్కడానికి ఆ మూడు పనులూ సరిపోయాయి.

కనుక స్వర్ణోత్సవం జరుపుకుంటున్న ఈ సంఘానికి మూడు విన్నపాలు చేస్తాను.

మొదటిది, విహారయాత్ర. ఏడాదికొకసారి ఎనిమిదో తరగతి పిల్లలను గోల్కొండకు తీసుకువెళ్ళండి. ఇక్కడికి దూరమేమీ కాదు. కానీ ఈసారి బాలా హిస్సార్ మెట్లెక్కి చప్పట్లు కొట్టి దిగివచ్చేయకండి. నయాకిలా వైపు బయటి గోడ వెంబడి నడిపించండి. కందకం ఎక్కడ కనబడుతోంది, ఎక్కడ పూడింది, ఎక్కడ రోడ్డు దాన్ని దాటింది, పిల్లల చేతనే పటం గీయించండి. టేపుతో వెడల్పు కొలిపించండి. తేదీ వేసి ఆ పటాలను బడి గ్రంథాలయంలో భద్రపరచండి. ఏటేటా అలా చేస్తే పదేళ్ళలో ఒక మంచి రికార్డు తయారవుతుంది. ఏ ఏడు ఎంత పూడిందో లెక్క చెప్పగలిగిన బడి ఈ నగరంలో మనదే అవుతుంది. బస్సు ఖర్చు పూర్వ విద్యార్థులది.

రెండోది, ఊళ్ళ సంగతి. ఈ కాలనీలో ఉన్నవాళ్ళలో చాలామందికి వెనక ఒక ఊరుంది. కృష్ణా జిల్లాలోనో, కరీంనగర్ వైపో, పాలమూరులోనో. సెలవులకు వెళ్ళినప్పుడు అడగండి. కోటగడ్డ, పాటిగడ్డ, పాటిదిబ్బ, కందకం చెలక వంటి పేర్లు మీ ఊరి పొలాలకు ఉన్నాయా? ఎండాకాలంలో చేనంతా ఎండినా ఒక చార మాత్రం వంకరగా పచ్చగా ఉంటోందా? పూడిన అగడ్తలో మట్టి లోతు, తేమ ఎక్కువ. అందుకే పైరు అక్కడ ఏపుగా పెరుగుతుంది. ఇంగ్లండులో ఎన్నో అగడ్తలను విమానం నుంచి తీసిన ఫొటోల్లో పైరు రంగు చూసే పట్టుకున్నారు. ఇప్పుడు ఆ చిత్రాలు మన జేబులోని ఫోనులోనే ఉన్నాయి. కనబడితే తవ్వకండి. దయచేసి గడ్డపార ముట్టుకోకండి. పొర చెదిరితే దినచర్య పుట చిరిగినట్టే. పురావస్తు శాఖకు ఉత్తరం రాయండి. నేలలో నాణేలో నగలో దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయడం మన విధి కూడా.

మూడోది, మన బడి. యాభై ఏళ్ళలో మన ఆవరణలోనూ గదులు వచ్చాయి, పోయాయి. కట్టిన గదులకు శిలాఫలకాలు ఉంటాయి, ఎవరు ప్రారంభించారో రాసి ఉంటుంది. కానీ పూడ్చిన చోట్లకు, ఖాళీగా ఉండిన చోట్లకు ఫలకాలు ఉండవు. మొదటి బ్యాచ్‌వాళ్ళు ఇవాళ మన మధ్య ఉన్నారు. అప్పుడు ప్రార్థన ఎక్కడ జరిగేది, కబడ్డీ బరి ఎక్కడ గీసేవాళ్ళు, చెట్టు ఎక్కడుండేది, వానాకాలం నీళ్ళు ఎటు పారేవి, ఇవన్నీ వాళ్ళకే తెలుసు. ఒక పెద్ద కాగితం మీద మన బడి స్థలం గీసి, ఎవరికి గుర్తున్నది వాళ్ళు అందులో రాయండి. పక్కన సంవత్సరం వేయండి. ఇద్దరి జ్ఞాపకాలు కలవకపోతే రెండూ రాయండి. నూరేళ్ళ ఉత్సవానికి వచ్చేవాళ్ళకు మనం ఇవ్వగల కానుకల్లో అది ఒకటి.

ఆటస్థలం గురించి కూడా ఒక్క మాట. ఈ నగరంలో ఖాళీ స్థలాన్ని చూస్తే ఎవరికీ చేయి ఊరుకోదు. "ఊరికే పడుంది కదా" అంటారు. గోల్కొండ కందకం గురించీ ఆ మాటే అన్నారు, చెరువుల గురించీ కుంటల గురించీ ఆ మాటే అన్నారు. ఊరికే పడున్నట్టు కనబడేది ఎవరో ఆలోచించి, కష్టపడి ఖాళీగా ఉంచినది కావచ్చు. పిల్లలు పరిగెత్తడానికి ఉంచిన ఖాళీకి కాపలాగా ఎప్పుడూ ఒక సంఘం ఉండాలి. అది మన సంఘమే కావాలని నా కోరిక.

ఇంతసేపూ ఒక గొయ్యి గురించి ఓపికగా విన్నారు. మీలో ఎవరైనా ఈసారి ఊరికి వెళ్ళి అలాంటి పచ్చటి చార ఒకటి చూస్తే, వెంకటరామయ్య పంతులుగారిని తలచుకుని, ఆ రోజే ఉత్తరం రాయండి. ఒక నకలు మన సంఘానికి పంపండి.